సుట్టబట్ట అని వెతికితే దొరకాలి

పాలమూరు వలస కూలీల మీద నేను రాసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఆన్‌లైన్‌లో ఉందని చాలా ఏళ్ళు నమ్మాను. ఎవరైనా అడిగితే, పీహెచ్‌డీ గ్రంథాలు పెట్టే వెబ్‌సైట్ పేరు చెప్పి "శోధ్‌గంగలో ఉంది, చూసుకోండి" అని చెప్పేవాణ్ణి. 2023 ఎండాకాలంలో ఒక అమ్మాయి వచ్చి అడిగేదాకా నేను మళ్ళీ అటు తొంగిచూసింది లేదు.

ఆ అమ్మాయిది మక్తల్ దగ్గర పల్లె. మహబూబ్‌నగర్‌లో ఎం.ఏ. చదువుతోంది. ప్రాజెక్టు కోసం వలస కూలీల భాష తీసుకుంది. "సార్, మా నాయనమ్మ సుట్టబట్ట అంటది. పుస్తకాలల్ల చుట్టకుదురు అని ఉన్నది. మన దిక్కు మాటల మీద ఎవరన్న రాసిన్రా అని రెండు వారాలు ఎతికిన. ఒక్కటి గూడ దొరకలె" అంది.

తట్ట నెత్తిన పెట్టుకునే ముందు తలమీద గుండ్రంగా చుట్టి పెట్టుకునే బట్ట అది. నా గ్రంథంలోని పదకోశంలో దాని మీద పేజీన్నర రాశాను. ఆ పిల్ల ముందే ఫోన్ తీసి వెతికాను. రాలేదు. గ్రంథం పేరు తెలుగులో కొట్టాను. రాలేదు. నా పేరు కొట్టాను. ఎవరెవరివో వచ్చాయి, నాది రాలేదు.

చివరికి ఇంగ్లిష్‌లో దొరికింది. తెలుగు గ్రంథానికి ఎవరో శీర్షికను ఇంగ్లిష్‌లోకి మార్చి పెట్టారు. అందులో మహబూబ్‌నగర్ స్పెల్లింగు నేను రాసే తీరుగా లేదు. ఆ ఊరి పేరును ఇంగ్లిష్‌లో రెండు ఓలు పెట్టి రాసేవాళ్ళున్నారు, యూ పెట్టి రాసేవాళ్ళున్నారు, మధ్యలో ఇంకో ఏ చేర్చేవాళ్ళున్నారు. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క తీరు కుదరలేదు. జనం మాత్రం ఈనాటికీ పాలమూరనే అంటారు. ఆ పాలమూరు అనే మాట నా గ్రంథం వివరాల్లో ఎక్కడా లేదు.

పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. లోపల సుట్టబట్ట అని వెతికితే ఏమీ లేదంది. ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ డాలరు గుర్తులూ ప్రశ్నార్థకాలూ కలగలిసిన గందరగోళం వచ్చింది. ఆ పిల్ల నా మొహం చూసి "పర్వాలేదు సార్, నేను కూసుని చదువుకుంట" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం ఏమిటో నాకు తెలుసు. 2008, 2009లో గ్రంథం టైపు చేయించింది డీటీపీ సెంటర్‌లో. అప్పుడు తెలుగు పని దాదాపు అంతా పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే. పెళ్ళి కార్డుల నుంచి సిద్ధాంత గ్రంథాల దాకా అదే. ఆ ఫాంట్లలో కంప్యూటరు తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగా దాచుకోదు. లోపల దాచేది ఇంగ్లిష్ అక్షరం సంఖ్యనే, దాని మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది. కంటికి తెలుగే, కాగితం మీద తెలుగే, యంత్రం వెతికేటప్పుడు మాత్రం లోపల తెలుగు లేదు. అన్ని భాషల అక్షరాలకూ వేరువేరు సంఖ్యలిచ్చే యూనికోడ్ పద్ధతిలో క కి ఒక సంఖ్య, దీర్ఘానికి ఒక సంఖ్య, పొల్లుకు ఒక సంఖ్య విడివిడిగా ఉంటాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. కానీ మా డీటీపీ సెంటర్ల దాకా అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మధ్యలో ఆ ఏళ్ళలో రాసిన తెలుగు పరిశోధన ఎంతుందో, అందులో చాలావరకు ఇట్లాగే గుడ్డిగా పడి ఉంది. ఇది నా ఒక్కడి గోడు కాదని చెప్పడానికే ఈ రాత.

శోధ్‌గంగ గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. గుజరాత్ గాంధీనగర్‌లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ అని యూజీసీ కేంద్రం ఉంది. దేశంలో పీహెచ్‌డీ గ్రంథాలన్నీ ఒకచోట ఎవరైనా ఉచితంగా చదువుకునేట్టు పెట్టాలని వాళ్ళు నడిపేదే శోధ్‌గంగ. గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని 2009 యూజీసీ నిబంధనల్లోనే ఉంది. విద్యార్థి నేరుగా ఎక్కించడానికి ఉండదు. విశ్వవిద్యాలయం ఇన్‌ఫ్లిబ్‌నెట్‌తో ఒప్పందం చేసుకుంటుంది, లైబ్రరీ తరఫున ఒక సమన్వయకర్త ఉంటారు, మనం సీడీ, అంగీకార పత్రం ఇస్తే వాళ్ళు అధ్యాయాలవారీగా ఎక్కిస్తారు. ముఖపత్రం ఒక ఫైలు, ధ్రువపత్రం ఒక ఫైలు, ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు. శోధ్‌గంగలోనివి క్రియేటివ్ కామన్స్ షరతుల మీద ఉంటాయి: రాసినవాళ్ళ పేరు చెప్పాలి, అమ్ముకోకూడదు, దాన్ని తీసుకుని ఇంకేదైనా తయారుచేస్తే దాన్ని కూడా ఇదే షరతు మీద పంచాలి. నా దృష్టిలో ఇంత పెద్ద పని ప్రపంచంలో చాలా దేశాలు చేయలేదు. నా గ్రంథం దొరకకపోవడం శోధ్‌గంగ తప్పు కాదు. మేము ఇచ్చిన ఫైలే అట్లాంటిది.

మర్నాడు పాత సీడీ కోసం ఇల్లంతా వెతికాను. అటక మీద ఇనుప పెట్టెలో దొరికింది. పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరవడానికి పాత కంప్యూటరు కావాలి. మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో పెళ్ళి కార్డులు వేసే ఒక తమ్ముడి దగ్గర ఇంకా ఉంది. ఏడు అధ్యాయాల్లో ఆరు తెరుచుకున్నాయి. ఆరో అధ్యాయం, పదకోశం ఉన్నదే, పాడైపోయింది. సీడీ మీద గీత పడింది.

తెరుచుకున్న ఆరింటినీ అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేశాను. నూటికి తొంభై పాళ్ళు బాగానే వచ్చింది. మిగిలిన పదిలోనే ఉంది అసలు కష్టం. ఒత్తులు పక్క అక్షరానికి పోయి అతుక్కున్నాయి. క్రావడి ఎక్కడ పడాలో అక్కడ పడలేదు. కూలీల మాటలను నేను పలికింది పలికినట్టు రాసుకున్నాను కాబట్టి ఏ స్పెల్‌చెకర్‌కీ అవి అర్థం కావు. "పోయొస్తిమి"ని తప్పనుకుంటుంది, "ఎల్లిపాయె"ను తప్పనుకుంటుంది. ప్రతి పేజీ అచ్చుప్రతి పక్కన పెట్టుకుని నేనే చదవాలి. కాలేజీ నుంచి వచ్చాక రోజుకు ఆరేడు పేజీలు. మా ఇంటావిడ ఒక్కో సాయంత్రం అచ్చుప్రతి పట్టుకుని పైకి చదివేది, నేను తెర మీద సరిచూసేవాణ్ణి. ఆమెది వనపర్తి. కొన్ని మాటల దగ్గర ఆగి "మా దిక్కు ఇట్లనరు" అనేది. ఆ మాటలన్నీ పక్కన రాసుకున్నాను.

ఆరో అధ్యాయానికి అచ్చుప్రతిని స్కాన్ చేసి ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే పని, చేయించాల్సి వచ్చింది. తెలుగుకు ఉచిత ఓసీఆర్ ఉంది, పనికొస్తుంది. కానీ పకూ వకూ తేడా తలకట్టు దగ్గర ఉన్నంతే. తట్టపని కాస్తా తట్టవని అయింది, ఒకచోట కాదు, అధ్యాయమంతా. మ, య ఒకదానికొకటి మారాయి. మేస్త్రీ అన్న మాట ఆరు రకాలుగా వచ్చింది. ఒక్కో మాటను కళ్ళతో తడుముతూ పోతుంటే పదిహేనేళ్ళ కిందట ఆ మాట ఎవరు చెప్పారో, ఏ అరుగు మీద కూచుని చెప్పారో గుర్తుకొచ్చేది.

ఇట్లా అధ్యాయాలన్నీ సరిచూస్తూ పోతుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

గుంపు మేస్త్రీల గురించిన అధ్యాయం. వలస పోయేవాళ్ళకు ఇది తెలిసిందే. ఊళ్ళో మేస్త్రీ పండగ ముందో పెళ్ళి ముందో అడ్వాన్సు ఇస్తాడు, ఇరవై ముప్ఫై మందిని గుంపు కడతాడు, పనికాడికి తీసుకుపోతాడు, అడ్వాన్సు తీరేదాకా లెక్క ఆయన చేతిలోనే. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. మా ఊళ్ళో నేను మాట్లాడినవాళ్ళలో ఒక్కరికీ ఆ చట్టాల పేర్లు తెలియవు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాను. ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఏ మేస్త్రీ లెక్క తప్పు చెప్పాడు, ఎవరి భార్య జబ్బుపడితే పని నుంచి పంపలేదు. అన్నీ పేర్లతో సహా.

2007లో నేను అడిగినప్పుడు అందరూ సరేనన్నారు. కానీ వాళ్ళకు తెలిసింది ఏమిటి? "మనోడు పెద్ద సదువు సదువుతుండు, బుక్కు రాస్తుండు" అని. ఆ బుక్కు అయిదు ప్రతులు. ఒకటి లైబ్రరీ బీరువాలో, తాళం వేసి. ఇప్పుడు నేను చేయబోయేది వేరు. ఆ పేర్లు ఎవరైనా ఫోన్‌లో కొడితే బయటికొచ్చేట్టు చేయబోతున్నాను. ఇన్నాళ్ళూ ఆ ఫైలు గుడ్డిదై ఉండడమే వాళ్ళకు రక్షణ అయింది. అది తలచుకుంటే గుండె జారింది.

పని ఆపి ఊరికి పోయాను.

నేను మాట్లాడించిన 34 మందిలో 13 మంది లేరు. ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ కలవడానికి దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు పట్టాయి. కొందరు పుణెలో, కొందరు హైదరాబాద్‌లో. సంక్రాంతికి వస్తారు కాబట్టి అప్పుడే దొరికారు. ఇంటికి పోవడం, వాళ్ళు చెప్పిన పేజీని వాళ్ళకు చదివి వినిపించడం, ఇది ఇప్పుడు లోకమంతా చదువుతుందని చెప్పడం, పేరు ఉంచాలా తీయాలా అని అడగడం.

ఒక కాక చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మేస్త్రీ మీద చెప్పిన మాటలు ఘాటుగా ఉన్నాయి. బయటికి తీసుకుపోయి చెవిలో చెప్పినట్టు చెప్పాడు: "గా మేస్త్రీ ఇప్పుడు నాకు ఇయ్యంకుడు రా. నా బిడ్డ ఆయన ఇంట్లనే ఉన్నది. గది బయటికొస్తే నా బిడ్డ బతుకు ఏంగావాలె?" మా ఇద్దరి మధ్యా రక్తసంబంధం లేకపోయినా నేను చిన్నప్పటి నుంచి కాకా అని పిలిచిన మనిషి. పట్టా కోసం రాసిన నాలుగు పేజీలు ఆ పిల్ల కాపురానికి అడ్డం పడతాయని నేను ఎన్నడూ అనుకోలేదు. అక్కడికక్కడే కలం తీసి ఆయన పేరు, మేస్త్రీ పేరు, ఊరి పేరు కొట్టేసి చూపించాను.

ఆ పక్క వీధిలో అవ్వ దగ్గర ఇంకో తీరు. ఆమెకు ఎనభై దాటాయి. చిన్నపిల్లగా తల్లితోపాటు నాగార్జునసాగర్ పనికి పోయిందట, ఆ తరువాత ఎన్ని కట్టలకు మట్టి మోసిందో ఆమెకే లెక్కలేదు. పేరు తీసేయమంటావా అవ్వా అని అడిగితే కోపానికొచ్చింది.

"ఎందుకు తీస్తవ్ బిడ్డా? మాట నాది. నెత్తి నాది. గా కట్ట మీద మంత్రుల పేర్లు రాసిన్రు, మోసినోళ్ళ పేరు ఒక్కటన్న రాసిన్రా? నీ బుక్కులన్న ఉండనీ."

ఉంచాను. ఇంటిపేరుతో సహా.

మొత్తం మీద పదకొండు మంది తీసేయమన్నారు, మిగిలినవాళ్ళు ఉంచమన్నారు. చనిపోయినవాళ్ళ విషయంలో ఇంటివాళ్ళను అడిగాను, తేలనిచోట పేరు తీశాను. పరిశోధన చేసే పిల్లలకు నేను ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నది ఇదే. మాట్లాడించేటప్పుడే అడగండి, ఇది రేపు ఎక్కడెక్కడ కనిపిస్తుందో చెప్పి అడగండి. పదిహేనేళ్ళ తరువాత పోతే మనుషులు ఉండరు.

ఇక్కడికి ఇంటి పని అయింది. విశ్వవిద్యాలయం పని మిగిలింది. పట్టా వచ్చిన గ్రంథంలో ఒక్క అక్షరం మార్చడానికి లేదు. అది న్యాయమే, దాని మీదే కదా పట్టా ఇచ్చింది. కానీ ఆన్‌లైన్‌లో ఉన్న ఆ మేస్త్రీల అధ్యాయాన్ని మూసి ఉంచమని అడగవచ్చు. దరఖాస్తు రాసి ఇన్‌వర్డ్‌లో ఇచ్చాను. అది ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు పోయింది. "ఇట్లాంటిది ఇంతకుముందు ఎవరూ అడగలేదు" అన్నారు. నాలుగు నెలలు తిరిగాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. చివరికి లైబ్రరీలో పనిచేసే ఒక మేడం ఫైలు తన చేత్తో పట్టుకుని పైకి పోయి సంతకం తెచ్చింది. ఆ రోజు ఆమె నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి బీరువాలు చూపించింది.

వరసగా ఆరు బీరువాలు. నల్ల రెక్సిన్ అట్టలు, బంగారు రంగు అక్షరాలు. ఆముదం పంట మీద ఒకటి. అలంపురం శిల్పం మీద ఒకటి. నారాయణపేట చీరల నేతగాళ్ళ అప్పుల మీద ఒకటి. నల్లగొండ బావుల్లో ఫ్లోరైడ్ మీద రెండో మూడో. లంబాడా ఆడవాళ్ళ కుట్టుపని మీద, చెంచుల వైద్యం మీద, పల్లెల్లో బడి మానేసిన ఆడపిల్లల మీద. చాలావాటికి సీడీ కూడా లేదు. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి అయిదారేళ్ళ జీవితం. ఆముదం గ్రంథం తీసి తెరిస్తే పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఎవరూ తెరవలేదు. ఆముదం వేసే రైతు కొడుకు దాన్ని చదవాలంటే హైదరాబాద్ బస్సెక్కి, లెటర్ తెచ్చుకుని, ఈ గదికి రావాలి.

అప్పుడు నల్లగొండలో కెమిస్ట్రీ చెప్పే నా మిత్రుడు గుర్తుకొచ్చాడు. మర్రిగూడ, మునుగోడు వైపు బావుల నీళ్ళ మీద పనిచేశాడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ళకు, ఇంకా పెరిగితే ఎముకలకు ముప్పు అన్న ఆ ఫ్లోరైడ్ లెక్కలు. ఆయన వ్యాసం విదేశీ పత్రికలో వచ్చింది, బయటివాళ్ళు చదవాలంటే వేల రూపాయలు కట్టాలి. "మా ఊరి నీళ్ళ సంగతి మా ఊరోళ్ళు కొనుక్కుని చదవాలా" అని ఆయన బాధ. నేను నా ఫైళ్ళ గొడవలో పడినప్పుడే ఆయన కూడా కదిలాడు. పత్రికల నియమాలు వెతకడానికి అప్పట్లో ఉన్న షెర్పా రోమియో అనే వెబ్‌సైట్‌లో తన పత్రిక పేరు కొట్టి చూస్తే, అచ్చు రూపం కాకుండా తను పంపి, సమీక్ష అయి, ఆమోదం పొందిన వర్డ్ ప్రతిని ఒక గడువు దాటాక బయట పెట్టుకోవచ్చని ఉంది. అట్లాగే పెట్టాడు. చాలామంది సార్లకు ఈ హక్కు ఉన్నట్టే తెలియదు.

నల్లగొండ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. అది ఎవరైనా చదివి చేసుకునేట్టు బయట ఉంది కాబట్టి టాంజానియా, ఇథియోపియా పల్లెల దాకా పోయింది. మన జిల్లా పేరు ఆఫ్రికాలో బకెట్ పక్కన పలుకుతున్నారంటే అది ఆ తెరిచిన తలుపు వల్లనే.

ఈ మధ్య వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం వచ్చింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్ళు 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు చదవవచ్చు. మూడేళ్ళకు 6,000 కోట్లు. నాలాంటివాడికి అది నిజంగా మేలు. కానీ అది కాలేజీ లోపల ఉన్నవాళ్ళకు. మా అవ్వ మనుమడు ఏ కాలేజీలోనూ లేడు, పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. వాడికి తెరుచుకునే తలుపు వేరే కావాలి, అది మనం రాసింది మనమే తెరిచి పెడితేనే ఉంటుంది.

సంతకం వచ్చాక ఆ అధ్యాయం శోధ్‌గంగలో మూతపడింది. యూనికోడ్‌లో సరిచేసిన, పేర్లు తీసిన రూపాన్ని వేరేగా పెట్టాలి. జెనోడో ఎంచుకున్నాను. జెనీవాలో సెర్న్ అనే పరిశోధనా కేంద్రం 2013 నుంచి నడుపుతున్న భండారం అది. డబ్బు అడగదు, ఏ దేశంవాళ్ళైనా ఏ భాషైనా పెట్టవచ్చు. ముందు పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు, ఆర్కిడ్ సంఖ్య తీసుకున్నాను. పదహారు అంకెలు. నా పేరున్నవాళ్ళు జిల్లాలోనే పదిమంది ఉన్నారు, ఆ అంకెలు మాత్రం నావి. ఫైలు పెట్టకముందే డీవోఐ, అంటే ఆ గ్రంథానికి శాశ్వతంగా ఉండే గుర్తింపు సంఖ్య, కేటాయించమని అడగవచ్చు. ఆ సంఖ్యను గ్రంథం మొదటి పేజీలో అచ్చువేసి అప్పుడు ఎక్కించాను.

ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది. అన్నీ అయ్యాయనుకుని పీడీఎఫ్‌లో సుట్టబట్ట అని వెతికాను. దొరకలేదు. యూనికోడ్‌లో ఉన్న తెలుగే, అయినా దొరకలేదు. కాపీ చేసి చూస్తే ట్ట ముక్కలైపోయింది. తెలుగు ఒత్తులు, గుణింతాలు పీడీఎఫ్‌లోకి పోయేటప్పుడు అక్షరాల బొమ్మలుగా పోతాయి, తిరిగి అక్షరాలుగా రావడానికి దారి సరిగా ఉండదు. మూడు రోజులు ఫాంట్లు మార్చాను, సాఫ్ట్‌వేర్లు మార్చాను. కొంత మెరుగైంది గానీ నమ్మకం కుదరలేదు. ఆఖరికి చేసింది చాలా సులువైన పని: పీడీఎఫ్ పక్కనే అదే గ్రంథాన్ని ఉత్త టెక్స్ట్ ఫైలుగా కూడా పెట్టాను. అందంగా ఉండదు, పేజీలు ఉండవు, కానీ ప్రతి అక్షరం అక్షరంగానే ఉంటుంది. తెలుగులో పరిశోధన పెట్టే ప్రతివాళ్ళనూ నేను చేతులు పట్టుకుని అడిగేది ఈ ఒక్క ఫైలు గురించే.

వివరాలు నింపే చోట ఒక పూట పూర్తిగా కూచున్నాను. శీర్షిక తెలుగులోనే, ఇంగ్లిష్‌ది కింద. ఊరి పేర్లు అన్ని స్పెల్లింగులతో. 2016లో పాత జిల్లా ముక్కలైంది, 2019లో నారాయణపేట విడిపోయింది, మా కోస్గి ఇప్పుడు ఆ జిల్లాలో ఉంది. కాబట్టి పాలమూరు, మహబూబ్‌నగర్, నారాయణపేట మూడూ రాశాను. పదకోశంలోని ముఖ్యమైన నూట ఇరవై మాటలు వివరణలోనే వరసగా పెట్టాను, గూగుల్ కంటికి ముందు అవే పడాలని. కూలీల గొంతుల రికార్డింగులు మాత్రం తాళం వేసే ఉంచాను. ఎవరైనా అడిగితే ఇంటివాళ్ళను అడిగి ఇస్తాను.

పబ్లిష్ అన్న బొత్తం నొక్కేముందు జెనోడో హెచ్చరించింది, పెట్టిన తరువాత ఫైలు మార్చడం కుదరదు, మార్చాలంటే కొత్త వెర్షన్ పెట్టాలి అని. మా ఇంటావిడ పక్కనే ఉంది. "ఇంకోసారి చూసుకో" అంది. చూసుకుని నొక్కాను. మక్తల్ అమ్మాయికి లింకు పంపాను. అప్పటికి ఆ పిల్ల ప్రాజెక్టు అయిపోయింది, మార్కులు కూడా వచ్చాయి. అయినా ఫోన్ చేసింది. "సార్, మా నాయనమ్మ సెప్పిన మాటలు ఇంకో ఇరవై ఉన్నయ్, పంపాల్నా?" అని అడిగింది.

మూడు వారాలకు సుట్టబట్ట అని కొడితే గూగుల్‌లో వచ్చింది.

2025 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అవ్వ మనుమడు పుణె నుంచి వచ్చి ఉన్నాడు. వాడి ఫోన్‌లోనే వెతికించాను. టెక్స్ట్ ఫైలు తెరిచి, అవ్వ పేరు ఉన్నచోటికి పోయి, మంచం పక్కన గొంతుక్కూచుని గట్టిగా చదివాడు. ఆమెకు చెవులు సరిగా వినబడవు. తట్ట బరువు నెత్తికి ఒత్తుకోకుండా పాతబట్ట చుట్టుకునేవాళ్ళని నేను రాసింది విని చెయ్యి అడ్డంగా ఊపింది.

"పాతబట్ట అంటే ఏ బట్ట? గది రాయలె నువ్వు. మా అమ్మ సచ్చిపోయినంక ఆమె చీర చించి చుట్టుకున్న నేను. అది చినిగిపోయేదాక అదే చుట్టుకున్న. రాయి."

మనుమడు ఫోన్ నా చేతికిచ్చాడు. ఆమె ఇంకోసారి చెప్పింది, నేను రాసుకున్నాను. పేరు పెట్టాలా అవ్వా అని అడిగితే, మా అమ్మ పేరు కూడా పెట్టు అంది. రెండో వెర్షన్ ఫిబ్రవరిలో ఎక్కించాను. సుట్టబట్ట కింద ఇప్పుడు ఇద్దరి పేర్లున్నాయి.